కంప్యూటర్ ఆటలో బాలరాజుల శీలనిర్మాణం – ఒక పరిశీలన

మానవుని శీలం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్న ప్రశ్న మిక్కిలి పాతది. తత్త్వవేత్తలు, మతాచార్యులు, ఉపాధ్యాయులు తమ తమ మార్గాలలో దీనికి సమాధానం చెప్పుతూనే ఉన్నారు. నేటి కాలంలో మరొక వర్గంవారికి కూడా ఈ ప్రశ్న ఎదురయింది. వారు కంప్యూటర్ ఆటలను నిర్మించేవారు. ఆ ఆటల నియమాలను తమకు తోచిన విధంగా సవరించుకొనే యువకులు. తత్త్వవేత్త "అది కొంత, ఇది కొంత" అని చెప్పి ఊరకుండవచ్చు. ఆటకు నియమం వ్రాసేవానికి ఆ సౌలభ్యం లేదు. కొంత అంటే ఎంత అన్నది అతడు అంకె వేసి చూపవలసి ఉంటుంది. అంకె వేసిన మరుక్షణం అతని మనసులోని అభిప్రాయం బయటపడుతుంది.

ఈ వ్యాసంలో మేము అట్టి ఒక ఆటను, దానిలో బాలుర స్వభావం రూపొందే పద్ధతిని, ఆ పద్ధతిని మార్చేవారి పనిని పరిశీలింపదలచాము. ఆటను పొగడటం గాని, విద్యార్థులను దానివైపు త్రిప్పటం గాని మా ఉద్దేశం కాదు. పిల్లలను గూర్చి మనం మనసులో పెట్టుకొన్న లెక్కలు ఎట్టివో దీని మూలంగా తెలుసుకొనవచ్చునని మా విశ్వాసం.

ఆట స్వరూపం

స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థవారు "క్రూసేడర్ కింగ్స్" అనే వ్యూహక్రీడను 2004లో వెలువరించారు. దాని రెండవ రూపం 2012లో, మూడవ రూపం 2020లో వచ్చాయి. రెండవ రూపం వచ్చిన తొలిరోజులలో క్రైస్తవ ప్రభువుల పాత్ర మాత్రమే ధరించే వీలుండేది. అదే సంవత్సరం వెలువడిన ఒక అనుబంధంతో ముస్లిం సుల్తానుల పాత్రలు, 2014లో వచ్చిన మరొక అనుబంధంతో భారతీయ రాజుల పాత్రలు ఆడేవారికి అందుబాటులోకి వచ్చాయి. మూడవ రూపంలోని పటంలో ఐర్లండ్, భారతదేశం రెండూ ఉన్నాయి. మన తెలుగు నేల కూడా అందులో ఉంది. 2020లో ఆ ఆటను క్రీ.శ. 867లో గాని 1066లో గాని ప్రారంభించే ఏర్పాటు చేశారు. ఎప్పుడు ప్రారంభించినా 1453తో ముగుస్తుంది.

చదరంగంలో ఆడేవాడు సేనలను నడుపుతాడు. ఇక్కడ ఆడేవాడు నడిపేది ఒక వంశాన్ని. రాజు మరణిస్తే ఆట ముగియదు. అతని వారసుడే ఆడేవాని పాత్ర అవుతాడు. నిన్నటివరకు తొట్టెలో ఉన్న శిశువు రేపు సింహాసనం మీద కూర్చుంటాడు. వాడు పిరికివాడైతే పిరికివానిగానే ఆడాలి, లోభి అయితే లోభిగానే ఆడాలి. అందుచేత ఈ ఆటలో బిడ్డను పెంచటం యుద్ధం చేయటంకంటె తక్కువ విషయం కాదు.

ఆటలోని బాల్యం

మూడవ రూపంలో బిడ్డకు మూడేండ్లు రాగానే ఐదు బాల్యస్వభావాలలో ఒకటి కనిపిస్తుంది. అవి అల్లరి, కలుపుగోలుతనం, జిజ్ఞాస, ఆలోచనాపరత్వం, పెత్తనం. ఆరవ ఏట విద్యారంభం. పదునారవ ఏట విద్యాసమాప్తి. విద్యలు కూడా ఐదే: రాయబారం, యుద్ధవిద్య, రాజ్యనిర్వహణ, కుతంత్రం, విద్వత్తు. ఒక్కొక్క బాల్యస్వభావం రెండేసి విద్యలకు అనుకూలిస్తుంది. అల్లరి పిల్లవాడు యుద్ధవిద్యలోను, కుతంత్రంలోను రాణిస్తాడు. జిజ్ఞాసువు రాయబారానికి, విద్వత్తుకు తగినవాడు. పెత్తనం చేసేవానికి యుద్ధవిద్య, రాజ్యనిర్వహణ అనుకూలిస్తాయి. బాలునికి ఒక సంరక్షకుని నియమించాలి. ఆ సంరక్షకుని తెలివి, విద్య ఎంత గొప్పవైతే శిష్యుడు అంత పై మెట్టు చేరే అవకాశం ఉంటుంది.

ఇది చదువు సంగతి. దీనికి వేరుగా, పెద్దవాడయ్యేలోగా బాలునికి సాధారణంగా మూడు శీలలక్షణాలు ఏర్పడతాయి. ధైర్యం–పిరికితనం, దాతృత్వం–లోభం, నిజాయితీ–వంచన, వినయం–అహంకారం, ఓర్పు–తొందరపాటు మొదలైన జంటలనుండి ఇవి వస్తాయి. బుద్ధిచాతుర్యంవంటి కొన్ని జన్మలక్షణాలు తల్లిదండ్రులనుండి సంక్రమించవచ్చును గాని, ధైర్యం, దయ, లోభం మాత్రం ఈ ఆటలో రక్తంతో రావు; బాల్యంలోనే ఏర్పడాలి. ఆ ఏర్పాటులో సంరక్షకునికి పాత్ర ఉంది. పెరిగిన తరువాత తన శీలానికి విరుద్ధమైన పని చేస్తే ఆ వ్యక్తికి మనోవ్యథ పెరుగుతుంది. దయగలవాడు క్రూరకృత్యం చేయవలసివస్తే చేయగలడు గాని, దానికి మూల్యం చెల్లిస్తాడు.

ఉర్దూలో తాలీమ్, తర్బియత్ అని రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. తెలుగులో చదువు, సంస్కారం అంటాము. చదువుకొన్నవాడంతా సంస్కారవంతుడు కాడని రెండు భాషలవారికీ తెలుసు. ఆట నిర్మాతలు కూడా ఈ రెండింటినీ వేర్వేరు ఖాతాలలో ఉంచటం గమనింపదగిన విషయం.

నియమాలను మార్చే పని

ఇట్టి ఆటలో నిర్మాతల నియమం నచ్చనివారు దానిని మార్చుకొనవచ్చును. అట్టి మార్పుల కట్టను "మాడ్" అని, ఆ పనిని "మాడింగ్" అని వ్యవహరిస్తున్నారు. ఈ ఆటలోని లక్షణాల వివరణలు, బాల్యంలో జరిగే ఘటనలు మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటాయి. నోటు పుస్తకం చదివినట్లు వాటిని తెరచి చదువవచ్చు. అసలు ఫైళ్లను చెరపకుండా, తన మార్పులను వేరొక ఫోల్డరులో వ్రాసి ఆటకు జోడించటం మర్యాద. ఒక్క కుండలీకరణం మూయటం మరచినా దాని తరువాతి నియమాలన్నీ తారుమారవుతాయి. అట్టి తప్పులను ఆటయే ఒక చిట్టాలో నమోదు చేస్తుంది. వ్యాకరణం నేర్చినవానికి ఈ క్రమశిక్షణ కొత్త కాదు.

ఈ నియమాల ఆయువుపట్టు "బరువు" అనే భావన. కంప్యూటరు లేనివారు కూడా దీనిని చీట్ల పెట్టెతో తెలుసుకొనవచ్చును. ఒక పెట్టెలో ధైర్యం అని వ్రాసిన చీట్లు 10, పిరికితనం 10, శాంతం 10 వేశామనుకొందాము. మొత్తం 30. కన్నులు మూసుకొని ఒకటి తీస్తే ధైర్యం వచ్చే అవకాశం మూడింట ఒక పాలు. ఇప్పుడు "సంరక్షకుడు ధైర్యవంతుడైతే ధైర్యం చీట్లు మరి 20 వేయవలెను" అని నియమం వ్రాశాము. ధైర్యం 30, మొత్తం 50 అయ్యాయి. అవకాశం నూటికి 60 పాళ్లకు పెరిగింది. అయినా నూటికి 20 పాళ్లు పిరికితనానికి మిగిలే ఉన్నాయి. గురువు ధైర్యవంతుడైనంతమాత్రాన శిష్యుడు ధైర్యవంతుడు కావాలని లేదు. అయ్యే వీలు పెరిగింది, అంతే.

ఆ 20 బదులు 200 వేస్తే ఏమవుతుంది? ధైర్యం 210, మొత్తం 230. అవకాశం నూటికి 91. ఆ శిష్యుడే తరువాతివానికి సంరక్షకుడవుతాడని అనుకొంటే, వరుసగా మూడు తరాలు ధైర్యవంతులే కాగల అవకాశం మొదటి లెక్కలో నూటికి సుమారు 22. రెండవ లెక్కలో 76. ఒక్క సున్న చేర్చటంతో వంశమంతా ఒకే అచ్చులో పోసిన బొమ్మల వరుసగా మారిపోయింది. కనుక మాడ్ వ్రాసేవాడు నియమం వ్రాసి ఊరకుండరాదు. ఎవరూ ఆడకుండా ఆటను దానంతట అది నడవనిచ్చి, కొన్ని దశాబ్దాల తరువాత ఎందరు పిల్లలకు ఏయే లక్షణాలు వచ్చాయో లెక్కించి చూడాలి. తన సిద్ధాంతం పిల్లలను ఏమి చేసిందో అప్పుడుగాని అతనికి తెలియదు.

నాలుగు సామెతలు, నాలుగు నియమాలు

మన సామెతలను ఈ దృష్టితో చూస్తే అవి కూడా ఇట్టి నియమాలేనని తేలుతుంది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్నది అనుకరణ నియమం. పెద్దల లక్షణంవైపు చీట్లు పెంచమని దీని తాత్పర్యం. "పండితపుత్రః పరమశుంఠః" అన్నది దీనికి పూర్తిగా విరుద్ధం. గొప్పవాని నీడలో పెరిగిన పిల్లవానికి వ్యతిరేకదిశలో చీట్లు వేయమంటుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది వయసును గూర్చిన నియమం. ఆరేండ్లకు వేసిన చీటికి ఉన్న బలం పదునైదేండ్లకు వేసిన చీటికి ఉండదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు" అన్నది జన్మనియమం. పెట్టెను పుట్టిననాడే మూసివేసి సీలు వేయమని దాని మాట.

నాలుగింటినీ మన ఊళ్లలో ఒకే మనిషి ఒకే రోజున చెప్పగలడు. ఎదుటి పిల్లవాడు చెడిపోతే ఒకటి, బాగుపడితే ఇంకొకటి చెప్పి సమర్థించుకొంటాము. సామెతలకు ఈ స్వేచ్ఛ ఉంది. మాడ్ వ్రాసేవానికి లేదు. నాలుగూ కావాలంటే నాలుగింటికీ పాళ్లు నిర్ణయించాలి. అనుకరణకు 20, వ్యతిరేకతకు 5, జన్మకు 10 అని వేసినవాడు మానవస్వభావాన్ని గూర్చి ఒక గ్రంథం వ్రాసినంత పని చేశాడు. ఆ అంకెలు సరియైనవా అన్నది వేరు ప్రశ్న. కాని అవి ఎవరైనా చదివి ప్రశ్నింపదగినవి. మన మనసులోని అంకెలను ఎవరూ చదువలేరు. చివరకు మనమే చదువలేము.

కాఠిన్యం, స్వార్థం

ఇక్కడ ఇద్దరు పెద్దలను స్మరించటం అవసరం. ఇమామ్ గజాలీ (1058–1111), ఇబ్నె ఖల్దూన్ (1332–1406) ఇద్దరూ ఈ ఆటలోని కాలంలోనే జీవించినవారు. బిడ్డ తల్లిదండ్రుల చేతిలోని అమానతు అని, ఆ నిర్మలహృదయం ఏ ముద్రనైనా స్వీకరిస్తుందని గజాలీ బోధించారు. పాఠశాలనుండి వచ్చిన బాలుని ఆడుకోనివ్వాలని, ఆటను పూర్తిగా నిషేధించి ఎల్లవేళల చదువుకే బిగిస్తే హృదయం మొద్దుబారుతుందని కూడా ఆయనే చెప్పారు.

ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన "ముఖద్దిమా" గ్రంథంలో విద్యార్థులపట్ల కాఠిన్యం హానికరమని ఒక ప్రకరణమే కేటాయించారు. దెబ్బలకు జడిసిన పిల్లవాడు సోమరి అవుతాడని, శిక్ష తప్పించుకొనటానికి అబద్ధం నేర్చుకొంటాడని, కాలక్రమాన ఆ వంచన అతనికి అలవాటై స్వభావంగా మారుతుందని ఆయన వాదం. ఖలీఫా హారూన్ రషీద్ తన కుమారుడు అమీన్ గురువుకు ఇచ్చిన హితవును కూడా ఆయన ఉదాహరించారు. పిల్లవాని మనసు చచ్చిపోయేటంత కఠినంగా ఉండవద్దని, సోమరితనం మరిగేటంత మెత్తగానూ ఉండవద్దని దాని సారాంశం.

మాడ్ వ్రాసేవానికి ఇది ఎంత విలువైన పాఠమో గమనింపుడు. పైపై లెక్కలో కోపిష్ఠి గురువుకు కోపిష్ఠి శిష్యుడు తయారవుతాడు. ఇబ్నె ఖల్దూన్ లెక్కలో కోపిష్ఠి గురువుకు వంచకుడు, సోమరి, పిరికివాడు తయారవుతారు. మొదటి నియమంలో కోపం చీట్లు పెరుగుతాయి. రెండవ నియమంలో వంచన, సోమరితనం, పిరికితనం చీట్లు పెరుగుతాయి. ఆరు శతాబ్దాలనాటి ఈ ఆలోచనను ఐదారు పంక్తుల నియమంగా వ్రాసి, ఫలితం చూడగల వీలు నేటి విద్యార్థికి ఉంది. అయితే అదే తండ్రి, అదే రాజభవనం ఉన్నప్పటికీ అమీన్, మామూన్ సోదరులు భిన్నస్వభావులయ్యారు. తండ్రి 809లో మరణించిన తరువాత వారి మధ్య యుద్ధం జరిగి, 813లో అమీన్ హతుడయ్యాడు. మంచి హితవు కూడా పెట్టెలో చీట్లు పెంచగలదేగాని చేయి పట్టుకొని చీటి తీయించలేదు.

మరొక విషయం. సంరక్షకుడు నిస్స్వార్థపరుడని ఎవరు చెప్పగలరు? సెల్జూకు సుల్తానులు తమ కుమారులకు అతాబేగ్ అనే సంరక్షకులను నియమించేవారు. కాలక్రమాన ఆ సంరక్షకులలో పలువురు స్వయంగా ప్రభువులయ్యారు. 1127లో మోసుల్ అతాబేగ్‌గా నియమితుడైన ఇమాదుద్దీన్ జంగీ అట్టివాడు. బాలుడు బలహీనుడుగా ఉండటమే లాభమని తలచే సంరక్షకుడు ఎట్టి చీట్లు వేస్తాడు? బాలుర శీలాన్ని గూర్చి నియమం వ్రాసేవాడు పెంచేవాని గుణాలతోపాటు పెంచేవాని ప్రయోజనాన్ని కూడా లెక్కలోకి తీసుకొనాలి.

సున్న అనే ముద్ర

ఈ నియమాలలో కూడిక మాత్రమేగాక గుణకారం కూడా ఉంది. ఒక బరువును రెండుతో గుణిస్తే అవకాశం పెరుగుతుంది. సగంతో గుణిస్తే తరుగుతుంది. సున్నతో గుణిస్తే ఆ చీట్లన్నీ పెట్టెలోనుండి తీసివేసినట్లే. ఆ బిడ్డకు ఆ ద్వారం మూసుకొనిపోయింది. ఆ ద్వారం అక్కడ ఉండేదని కూడా వానికి తెలియదు.

ఒకటికి, సున్నకు భేదం ఎంత అని తేలికగా తీసివేయరాదు. 30 చీట్లలో ఒక్కటే విద్వత్తు చీటి ఉన్నదనుకొందాము. ఒక్క బాలుని విషయంలో అది అల్పమే. కాని అట్టి పెట్టెలోనుండి 60 మంది తరగతి ఒక్కొక్కరుగా చీటి తీసి, తీసిన చీటిని తిరిగి వేస్తే, కనీసం ఒక్కరికైనా విద్వత్తు రాగల అవకాశం నూటికి 87 పాళ్లు. ఒక్క చీటిని మనం ముందే తీసి పారవేస్తే 60 మందికి కాదు, 60 వేల మందికైనా రాదు.

మా వంటి ఉపాధ్యాయులకు ఇందులోని పాఠం కఠినమైనది. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఆంగ్లం అనే మూడు భాషల నడుమ తడబడే విద్యార్థిని చూచి "వీనికి చదువు రాదు" అని ఒక్క మాట అనటం సులభం. అతడు తమ ఇంటిలో కళాశాల గడప త్రొక్కిన మొదటివాడు కావచ్చు. "ఆడపిల్లకు గణితమెందుకు" అనటం ఇంకా సులభం. ఈ మాటలు మనకు అభిప్రాయాలుగా కనిపిస్తాయి. వాస్తవానికి అవి గుణకారపు సున్నలు. ఆటలో అట్టి సున్నను వేసినవాడు మరునాడు ఫైలు తెరచి దిద్దుకొనవచ్చు. జీవితంలో ఆ ఫైలు మన చేతికి మరల రాదు. ఆటలోని సంరక్షకునికి ఇద్దరు శిష్యులకంటె ఎక్కువ మందిని అప్పగించరాదని ఒక కట్టుబాటు ఉంది. అరువదిమందిని ఒక్కసారిగా చేపట్టే ఉపాధ్యాయుడు మాట జారకుండా ఉండటానికి ఇంకా ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంటుంది.

ఆట పరిమితిని కూడా చెప్పటం న్యాయం. మూడు లక్షణాలతో మనిషి పూర్తి కాడు. ఇంటిలో ధైర్యవంతుడు సభలో పిరికివాడు కావచ్చు. స్నేహితునికి దాత అయినవాడు సోదరునికి లోభి కావచ్చు. పేదరికం, వ్యాధి, తల్లి మాట, ఒక మంచి పుస్తకం, ఒక స్నేహం మనిషిని మార్చే తీరును ఏ పెట్టెలోని చీట్లూ సంపూర్ణంగా పట్టలేవు. పైగా ఈ ఆటలో కుట్రలకు, హత్యలకు తావు ఉంది. గంటల తరబడి కాలాన్ని హరించే గుణమూ ఉంది. కనుక విద్యార్థులు దీనిని మితంగా, వివేకంతో గ్రహించాలి.

విద్యార్థులకు, సంఘంవారికి విన్నపం

ఆటను కేవలం ఆడేవానికంటె దాని నియమాన్ని చదివేవాడు ఒక మెట్టు పైన ఉంటాడు. నియమాన్ని ప్రశ్నించి, తన నియమం వ్రాసి, ఫలితాన్ని లెక్కించేవాడు మరొక మెట్టు పైన ఉంటాడు. గణితంలోని సంభావ్యత, చరిత్రలోని రాజవంశాలు, సాహిత్యంలోని పాత్రపోషణ ఇక్కడ ఒక్కచోట కలుస్తాయి. కళాశాల సంఘంవారు అనుమతిస్తే ఈ మూడు శాఖల విద్యార్థులు కలిసి ఒక చిన్న అభ్యాసం చేయవచ్చును. కంప్యూటర్లు చాలకపోతే అట్టపెట్టె, చీట్లు చాలు. ఒక్కొక్క జట్టు బాలుని పెంపకాన్ని గూర్చి తమ నియమాలను అంకెలతో వ్రాయాలి. నూరు చీట్లు తీసి ఫలితాన్ని పట్టిక వేయాలి. తమ అంకెలకు కారణాలను ఉర్దూలోగాని తెలుగులోగాని ఒక పుటలో వివరించాలి. వాదం తప్పక జరుగుతుంది. ఆ వాదమే అసలు పాఠం.

పిల్లలను పెంచే ప్రతివారి మనసులోను ఇట్టి పెట్టె ఒకటి ఉంటుంది. దానిలో ఏ చీట్లు ఎన్ని వేశామో అప్పుడప్పుడు తెరచి చూచుకొనటం తల్లిదండ్రులకు, గురువులకు, విద్యాలయాల నిర్వాహకులకు ధర్మం. ఏ బిడ్డ పెట్టెలోను మంచి చీటి సున్న కాకుండా చూడటం అందరి బాధ్యత. మిగిలినది బిడ్డ ప్రయత్నం, ఆ పైన దైవానుగ్రహం.